గౌడీమద్యము - జమైకా - నేను

గౌడి, పైష్టి, మాధ్వి అని సుర మూడు విధాలని మనుస్మృతి చెబుతుంది. బెల్లంతో చేసినది గౌడి, పిండితో చేసినది పైష్టి, ఇప్పపువ్వుతోనో తేనెతోనో చేసినది మాధ్వి. 33 ఏళ్లు తెలుగు పండితునిగా ఉద్యోగం చేసిన నేను ఈ మాటలకు వ్యుత్పత్తి చెప్పగలిగేవాణ్ణి గాని, వీటిలో ఏ ఒక్కదాని వాసనా ఎరుగను. అమరకోశంలోని మైరేయము, ఆసవము, శీధువు అనే మాటలను వల్లె వేసిన బాల్యం నాది. చెరుకు నుండి తీసినది శీధువని గురువుగారు చెప్పగా విని, పుస్తకం మూసి, ఇంటికి పోయి మజ్జిగ తాగినవాణ్ణి. అట్టి నేను అరవై ఆరవ ఏట జమైకా ద్వీపంలో నాలుగు గాజుపాత్రల ముందు కూర్చొని, ఏది ఎట్టి పరిమళం గలదో విచారించవలసి వచ్చింది. ఈ సంగతి రాయాలా వద్దా అని ఏడాదిగా తటపటాయించాను. రాయకపోవడంలో కొంత కపటం ఉన్నదని తోచి ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఒక సంతకం విషయం చెప్పాలి. 1992లో నేను నెల్లూరు జిల్లాలో ఒక పల్లె ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. పగలు పిల్లలకు పాఠాలు, రాత్రి అక్షరదీపం కార్యక్రమం కింద పెద్దలకు చదువు. మా రాత్రిబడికి వచ్చేవారంతా స్త్రీలే. పగలంతా నాట్లు వేసి, కలుపు తీసి, పిల్లలకు ఇంత వండిపెట్టి, లాంతరు వెలుగులో పలక పట్టుకొని కూర్చొనేవారు. ఆ రోజుల్లో సారా ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చి పడేది. మంచినీళ్లు అందని వాడకు సైతం సారా అందేది. మగవాడి కూలి దుకాణం దగ్గరే ఆగిపోయేది. ఆడదాని కూలి కోసం ఇంట్లో కొట్లాట జరిగేది. అదే జిల్లాలోని దూబగుంటలో, చదువుల పుస్తకంలోని సారా పాఠం చదివిన స్త్రీలు ఏకమై తమ ఊరి దుకాణాన్ని మూయించారన్న వార్త మా బడికీ చేరింది.

ఆ వారమే మావాళ్లు ఒక నోటుపుస్తకం తెరిచారు. ఊళ్లోకి సారా రానివ్వమని మొదటి పుటలో రాసి, కింద ఒక్కొక్కరే సంతకాలు చేశారు. వేలిముద్ర వేసినవారు ఒక్కరూ లేరు. చివరగా సంతకం చేసిన ఆమెకు అప్పటికి ముప్పై ఏళ్లుంటాయేమో. తన పేరులోని వత్తును మూడుసార్లు దిద్దుకొని, పుస్తకాన్ని నా ముందుకు తోసి, "మీరూ పెట్టండి అయ్యోరా" అన్నది.

"నేను తాగనమ్మా, నా సంతకం ఎందుకు?" అన్నాను.

"తాగనోళ్లు పెడితేనే గదా తాగేవోళ్లు యింటారు! ఇంక ఎప్పటికీ తాగనని పెట్టండి" అన్నది.

పెట్టాను. ఆ ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. నా సంతకం మాత్రం నిరుటి దాకా సడలలేదు.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా టొరంటోలో ఉంటున్నాడు. అతని సహోద్యోగి ఒకరి మాతామహుల ఊరు జమైకాలో ఫాల్మత్ పట్టణం. నిరుడు చలికాలం మేము అక్కడ ఉన్నప్పుడు, ఆ మంచు చూసి నేనూ మా ఇంటావిడా బెంగపడుతుంటే, వారం రోజులు ఎండ చూసి వద్దామని మమ్మల్ని అక్కడికి తీసుకుపోయారు. దిగీ దిగగానే నాకు మా పల్లె గుర్తొచ్చింది. మామిడి, పనస, అరటి, చెరుకు. చింతచెట్టు కూడా ఉన్నది. రోడ్డు పక్క మేకలు సైతం మన మేకలే.

మరునాడు హ్యాంప్డెన్ అనే ఎస్టేటు చూడబోయాం. 1753 నుండి అక్కడ రమ్ము తీస్తున్నారు. బండి దిగకముందే వాసన ఎదురొచ్చింది. ఇప్పుడే కోసిన అనాస, పనసతొన, తాటిపండు, వాటి వెనుక ఏదో కుళ్లిన కంపు, అన్నీ కలిసిన గాలి అది. మా ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. నేను మాత్రం నిలబడిపోయాను. అది మా నాయనమ్మగారి తరవాణి కుండ దగ్గరి గాలికి దూరపు చుట్టం.

ఇది అతిశయోక్తి కాదు. తరవాణి కుండను పూర్తిగా ఖాళీ చేయకపోవడం మన ఇళ్లలో నియమం. పాత పులుపు మిగిలి ఉంటేనే కొత్త గంజికి రుచి. అక్కడా అదే నియమం. చక్కెర తీయగా మిగిలే మొలాసిస్ అనే నల్లని పాకాన్ని నీటితో కలిపి తొట్లలో పోస్తారు. కొనుక్కొచ్చిన ఈస్టు వేయరు. ఆ గోడలలో, దూలాలలో, గాలిలో తరతరాలుగా కాపురమున్న సూక్ష్మజీవులే దానిని పులియబెట్టాలి. కిందటి విడత కాచిన తరువాత బట్టీలో మిగిలిన పుల్లని నీటిని అందులో కలుపుతారు. దానికి డండర్ అని పేరు. ఇంకా, ఏళ్ల తరబడి పులుస్తూ ఉండే ఒక మడ్డిగొయ్యి నుండి కొంత తీసి చేరుస్తారు. వారం దాటి రోజుల కొద్దీ పులిసిన ఆ కల్కాన్ని కుండ ఆకారపు రాగిబట్టీలలో కాస్తారు.

ఆ మడ్డిలో పుట్టే ఆమ్లాలలో ఒకటి ముక్కిపోయిన వెన్న కంపు కొడుతుంది. అదే ఆమ్లం ఆల్కహాలుతో కలిసి ఎస్టరుగా మారితే అనాసపండు పరిమళం ఇస్తుంది. ఈ ఎస్టర్లను కొలిచి రమ్ముకు తరగతులు ఏర్పరచారు. నూరు లీటర్ల శుద్ధ ఆల్కహాలులో ఎన్ని గ్రాములు ఉన్నవన్నది కొలత. హ్యాంప్డెన్ వారి తేలిక రకంలో 40 నుండి 80 గ్రాములుంటే, డి.ఓ.కె. అనే గుర్తు గల ఘాటైన రకంలో 1500 నుండి 1600 దాకా ఉంటాయి. జమైకాలో అనుమతించిన గరిష్ఠ పరిమితి ఆ 1600. అంత ఘాటైనదాన్ని ప్రధానంగా మిఠాయిలకు, ఇతర మద్యాలకు వాసన కట్టడానికి చుక్కలుగా వాడుతారు. మనం ఇంగువ వాడినట్లన్నమాట.

ఆ తరువాత సెయింట్ ఎలిజబెత్ పరగణాలో ఆపిల్టన్ ఎస్టేటుకు వెళ్లాం. సున్నపురాతి కొండల నడుమ లోయలో ఉన్నది. 1749 నుండి రమ్ము తీస్తున్న చోటు. ఇక్కడి పద్ధతి వేరు. కుండ బట్టీలో తీసిన బరువైన రమ్మును, స్తంభపు బట్టీలో తీసిన తేలికైన రమ్మును విడివిడిగా పీపాలలో మాగబెట్టి, తరువాత కలుపుతారు. ఏది ఎంత కలపాలో నిర్ణయించే ప్రధాన పదవిని 1997లో జాయ్ స్పెన్స్ అనే రసాయనశాస్త్రజ్ఞురాలు చేపట్టింది. మద్యపరిశ్రమలో ఆ స్థానానికి వచ్చిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ మాట విన్నప్పుడు నాకు మా రాత్రిబడి గుర్తొచ్చి, కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

పీపాల కొట్టు చల్లగా, చీకటిగా ఉన్నది. అంతకుముందు అమెరికాలో బూర్బన్ విస్కీ నింపి వాడిన ఓక్ పీపాలవి. ఆ వేడిదేశంలో పీపా నుండి ఏడాదికి నూటికి ఆరు పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, గాలిలో కలిసిపోతుందట. స్కాట్లండు చలిలో ఇది సుమారు రెండు పాళ్లే. పోయినదాన్ని దేవదూతల వాటా అంటారు. నేను అక్కడే చేతివేళ్ల మీద లెక్క వేసుకున్నాను. ఏడాదికి ఆరు పాళ్ల చొప్పున పోతే 12 ఏళ్లకు నూరు లీటర్లలో 48 కూడా మిగలవు. 21 ఏళ్లకు మిగిలేవి 27. సీసా మీద 12 అని ఉంటే, అందులో కలిపిన రమ్ములన్నిటిలోనూ చిన్నదాని వయసు 12 అని అర్థం. ఉమ్మడి కుటుంబపు వయసును కడగొట్టువాడి వయసుతో చెప్పడం వంటిదని మావాడితో అంటే నవ్వాడు.

ఆ సాయంత్రం ఫాల్మత్‌లోని ఇంటి వసారాలో బల్ల మీద నాలుగు సీసాలు పెట్టారు. ఆపిల్టన్ 12, ఆపిల్టన్ 21, వర్తీ పార్క్ వారి సింగిల్ ఎస్టేట్ రిజర్వ్, హ్యాంప్డెన్ 8. "వాసన చూడండి చాలు నాన్నగారూ, నోట్లో పోసుకున్నా ఉమ్మేయవచ్చు. పరీక్షకులందరూ చేసే పనే" అని మావాడు పక్కన ఒక ఖాళీ పాత్ర పెట్టాడు. ఉమ్మేస్తే మాట తప్పినట్టు కాదని నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఆ సమాధానంలో తర్కం ఎంత, కుతూహలం ఎంత అని అప్పుడు ఆలోచించలేదు.

ఆపిల్టన్ 12 ముక్కుకు దగ్గరగా రాగానే ఎండిన నారింజ తొక్క, జాజికాయ, కాచిన బెల్లప్పాకం. నాలుకపై కొంచెం కాఫీపొడి చేదు. వర్తీ పార్క్ రమ్ము 1670 నాటి ఎస్టేటుది. వారి బట్టీ మధ్యలో దశాబ్దాలు మూతపడి 2005లో మళ్లీ వెలిగింది. అంతా కుండ బట్టీ సరుకే. బాగా మాగిన చక్కెరకేళి, దాని మీద నెయ్యి చుక్క, అట్లా ఉన్నది. హ్యాంప్డెన్ 8 వయసుకు చిన్నదైనా గొంతుకు పెద్దది. అనాస, పనస, ఊరగాయ జాడీ అడుగున ఉప్పునీరు, చెప్పులు కుట్టేచోటి జిగురు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నచ్చిందని చెప్పలేను గాని మరిచిపోయాననీ చెప్పలేను. పీపా దానిని కొంత శాంతింపజేసింది గాని లొంగదీయలేకపోయింది.

ఆపిల్టన్ 21ని చివరకు ఉంచారు. పాత బీరువా తలుపు తీసినప్పటి కలప వాసన, దాని వెనుక జాజికాయ, ఎక్కడో లోతున నారింజ. తీపి తగ్గి వగరు వచ్చింది. వయసు పెరిగితే మంచి పెరుగుతుందన్న నియమం లేదని కూడా తెలిసింది. ఆ వేడిలో ఇంకొంతకాలం ఉంచితే ఆ కొయ్యే రమ్మును మింగేస్తుందేమో అనిపించింది. ఆ ఆలోచనలో ఉండి, నోట్లోది ఉమ్మడం మరిచి మింగాను. అర చెంచా ఉంటుంది. మరిచి మింగానా, మరిచినట్టు మింగానా అన్నది నాకే తెలియాలి. తెలుసు. రెండవదే.

గొంతులో ఆ వెచ్చదనం దిగుతుండగా ఎదుటి కుర్చీ వైపు చూశాను. ఆ ఇంటి పెద్దావిడ అక్కడ కూర్చొని ఉన్నది. ఎనభై దాటినావిడ. ఆమె ముందు పెట్టిన గ్లాసును ఎప్పుడు తిప్పిందో, అది బోర్లించి ఉన్నది. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు, ఆమె ఎవరినీ వారించలేదు. జలుబు చేస్తే తెల్ల రమ్ము నుదుటికి రాసుకుంటానని మాత్రం నవ్వుతూ చెప్పింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను పొగిడిన ఆ ఎస్టేట్లన్నీ బానిసల చెమటతో లేచినవి. చెరుకు నరికినవారికి ఆ రమ్మునే కొలతగా పోసేవారు. 1838లో వారు పూర్తిగా విముక్తులయ్యాక, తోటలకు కూలీలు కావలసివచ్చి, 1845 నుండి 1917 దాకా మన దేశం నుండి సుమారు 36 వేలమందిని ఓడలలో తీసుకుపోయారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుండి, కొందరు మద్రాసు రేవు నుండి పోయినవారు. కూలి డబ్బుకూ మద్యానికీ ఉన్న లంకె మా పల్లెలో పుట్టినది కాదన్నమాట. పీపాలో 21 ఏళ్లు మాగినా, ప్యాకెట్టులో 21 రోజులున్నా, లోపలి ఆల్కహాలు ఒకటే. మాగడం వల్ల మారేది పరిమళం, ధర.

దేశం తిరిగి వచ్చాక నెల్లూరు పోయాను. ఆమె ఇప్పుడు మనుమరాలిని బడికి పంపుతున్నది. పెనిమిటి ఎన్నడో పోయాడు. వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. జరిగినదంతా చెప్పాను.

"ఎంతుంటదయ్యోరా ఆ సీసా?"

"నూరు డాలర్లు దాటే ఉంటుంది."

"మనూళ్లో మూటలు మోసేవోడికి దొరకదులే, మేలు" అని, కాసేపాగి, "అయితే మింగినారు" అన్నది.

"మింగానమ్మా. అర చెంచా."

ఆమె లోపలికి పోయి, ట్రంకుపెట్టె అడుగు నుండి ఆ నోటుపుస్తకం తెచ్చింది. అంచులు చెదలు తిన్నాయి. నా సంతకం చెక్కుచెదరలేదు. మనుమరాలి చేత కలం తెప్పించి నా చేతికిచ్చి, "కొట్టెయ్యండి" అన్నది. కొట్టేశాను. సభలో అవమానం జరిగినట్లే ఉన్నది.

"ఇప్పుడు కింద మళ్లా పెట్టండి. ఈసారి తేదీ కూడా వెయ్యండి అయ్యోరా. అప్పుడు మీరు వెయ్యలేదు."

నిజమే. పిల్లలకు ముప్పై మూడేళ్లు తేదీ వేయమని చెప్పినవాణ్ణి, ఆనాడు నేను వేయలేదు. సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చాను. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుకొని, పుస్తకం మూసి లోపల పెట్టి వచ్చింది.

స్వస్తి.