మామిడి తోటలో గడ్డిమేటు

నూజివీడు అంటే అందరికీ రసాలే గుర్తొస్తాయి. నేను మాత్రం డిసెంబరులో, చెట్లు ఇంకా పూతకు రాని రోజుల్లో, గడ్డి చూడటానికి వెళ్ళాను. ఆగిరిపల్లి వైపు రోడ్డు పక్కన ఓ కుటుంబానికి మామిడి తోట, దాన్ని ఆనుకుని బోరు కింద రెండెకరాల వరి, ఐదు గేదెలు ఉన్నాయి. కోత మిషను వెళ్ళిపోయింది. గడ్డి వరసలుగా పడి ఉంది. దాన్ని కట్టలు కట్టించి ఇంటికి చేర్చుకునే రోజది.

పదిన్నర దాటినా బేలరు కదల్లేదు. ఇంటి పెద్దాయన వరసలోంచి గుప్పెడు గడ్డి తీసి మెలిపెట్టి చూశారు. "ఇంకా మంచు ఆరలేదు బాబూ. ఇప్పుడు కట్టిస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. గేదె మూతి పెట్టదు" అన్నారు. కట్టకు ఇంత అని కూలి మాట్లాడుకున్న డ్రైవరుకు ఆగితే నష్టమే. అయినా ఎండ ఎక్కేదాకా ట్రాక్టరు నీడన కూర్చున్నాడు.

మొదలయ్యాక మిషను పని చకచకా సాగింది. వరసను పళ్ళతో ఎత్తుకుని, లోపల చుట్టగా బిగించి, తాడు చుట్టి వెనక దొర్లిస్తుంది. ఒక్కో కట్ట 15 నుంచి 20 కిలోలు. వాటిని ఏరుకునే పని మాత్రం ఇప్పటికీ మనుషులదే. ఇద్దరు తోటికోడళ్ళు కట్టలు దొర్లిస్తుంటే, కొడుకులు ట్రక్కులోకి ఎత్తారు. కాలేజీకి సెలవు పెట్టిన మనవడు ట్రక్కులో నిలబడి పేర్చాడు. "మావయ్యగారూ, ఇది అడుగున తడిగా ఉందండి" అంటూ పెద్దకోడలు కొన్ని కట్టల్ని గట్టు పక్కకు తోసేసింది. ఆ చెయ్యి తాకితే చాలు, మంచి కట్టేదో తెలిసిపోతోంది.

రెండెకరాల గడ్డి వీళ్ళకు చాలదు. గేదెకు రోజుకు ఐదారు కిలోలు వేసుకున్నా ఏడాదికి రమారమి 10 టన్నులు కావాలి. తక్కినది హనుమాన్ జంక్షన్ అవతల కాలువ కింది మాగాణి నుంచి కొంటారు. అక్కడ వరి వెనకే మినుము వేస్తారు కాబట్టి చేను తొందరగా ఖాళీ కావాలి. తీసుకెళ్ళేవాళ్ళు లేకపోతే కొందరు నిప్పు పెడతారు. ఏడాది పొడుగునా పాలిచ్చే మేత అరపూటలో బూడిదవుతుంటే నాకు మనసొప్పదు.

మేటు తోట అంచున, రాళ్ళ మీద పరిచిన తాటిమొద్దులపై వేశారు. గాలాడేందుకు కట్టల మధ్య సందు వదిలారు. పైన విడిగడ్డి పరిచి, నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా దిద్దారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను తర్వాత ఎన్నో చేలల్లో గడ్డి నల్లబడిపోయిన సంగతి పెద్దాయన మరిచిపోలేదు. పైన పట్టా కప్పి, నాలుగు మూలలా తానే బిగించారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఇంటి పెద్దావిడ విడిగా దాచుకున్న గడ్డి. చేలో ఓ మూల మిషను తిరగనివ్వకుండా కొడవలితో కోయించి, పనలు బల్లకు కొట్టించారామె. మిషను గడ్డి నలిగి, దుమ్ముపట్టి ఉంటుంది. ఇది పొడవుగా, శుభ్రంగా ఉంటుంది. వేసవిలో కాయలు మాగేసేది దీనిలోనే. గదిలో కింద గడ్డి పరిచి, తొడిమతో కోసి సొన కార్చిన కాయల్ని ఒకదానికొకటి ఒరుసుకోకుండా పేరుస్తారు. మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు. కాయ తనంతట తాను వదిలే ఇథిలీన్ వాయువును, వెచ్చదనాన్ని గడ్డి కాస్త పట్టి ఉంచుతుంది, చెమ్మను బయటికి పోనిస్తుంది. రోజూ ఓ చివర గడ్డి తొలగించి, పండినవి తీసి, మచ్చ పడ్డవి ఏరేయాలి. కార్బైడు గ్యాసుతో పండించడాన్ని ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. ఆ నిషేధం రాకముందూ వచ్చాకా ఈవిడ పద్ధతి మారలేదు. రసం రుచి తోటలో సగమే తయారవుతుందని, మిగతా సగం ఇలాంటి గదుల్లోనేనని నేను గట్టిగా నమ్ముతాను.

సాయంత్రానికి గట్టు పక్కన మిగిలిన తడి కట్టల్ని మనవడు విప్పి, కొత్తగా నాటిన మామిడి మొక్కల పాదుల్లో పరిచాడు. వేసవిలో తేమ ఆరిపోకుండా కాస్తుంది. "మొదలుకు తగలనివ్వకురా, చెద పడుతుంది" అని తాతయ్య అరిస్తే, వంగి ప్రతి మొక్క చుట్టూ జానెడు చోటు వదిలి సర్దాడు.