జపమాల ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

ఏటా ఆగస్టు మొదటి వారం రాగానే నాకు ఒకటే మెసేజ్ కనీసం ముగ్గురు పంపిస్తారు. మా చుట్టాల్లో ఎక్కువమంది ఆర్.సి.ఎం. వాళ్ళు, నేనేమో హేతువాద సంఘం మనిషిని. నన్ను ఎలాగైనా మార్చాలనే ఆశ వాళ్ళకి ఇంకా చావలేదు. మెసేజ్ సారాంశం ఇది: 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడ్డప్పుడు, ఆ దగ్గర్లోనే ఉన్న జెస్యూట్ గురువులు ఎనిమిదిమంది చెక్కు చెదరకుండా బతికారు. రేడియేషన్ కూడా వాళ్ళని ముట్టుకోలేదు. కారణం, ఆ ఇంట్లో రోజూ జపమాల చెప్పుకునేవారు. కింద పువ్వుల బొమ్మ, "పదిమందికి పంపండి" అని ఒక ఆజ్ఞ.

ఇది పూర్తిగా కట్టుకథ అయితే తీసి పారేసి ఊరుకోవచ్చు. చిక్కేమిటంటే ఇందులో కొంత నిజం ఉంది. జాన్ హెర్సీ 1946లో రాసిన 'హిరోషిమా' చదివినవాళ్ళకి ఆ గురువులు తెలిసే ఉంటారు. నొబొరిచో అనే పేటలో, బాంబు పేలిన చోటికి కిలోమీటరున్నర లోపే, వాళ్ళ మిషన్ ఇల్లు ఉండేది. ఆ పొద్దున అక్కడ నలుగురు గురువులున్నారు, నలుగురూ బతికారు. అంతవరకు నిజమే.

ఇక మిగతాది. ఫాదర్ షిఫర్‌కి తల మీద గాయమై రక్తం ధారగా పోయింది. ఫాదర్ లసాల్ వీపు నిండా గాజు పెంకులు గుచ్చుకున్నాయి. ఫాదర్ క్లైన్‌సోర్గ్‌కి ఆ తర్వాత జ్వరాలు, మానని పుళ్ళు, తెల్ల రక్తకణాలు పడిపోవడం. 1977లో చనిపోయేదాకా ఆస్పత్రుల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. రేడియేషన్ ముట్టుకోకపోవడం అంటే ఇదేనా? ఇల్లు ఎందుకు కూలలేదో కూడా హెర్సీ పుస్తకంలోనే ఉంది. దాన్ని కట్టిన బ్రదర్ గ్రోపర్‌కి భూకంపాలంటే మహా భయం. అందుకని దూలాలకి రెండింతలు ఊతాలు పెట్టించాడు. పాపం, ఆయన పేరు ఏ మెసేజ్‌లోనూ రాదు.

అన్నట్టు ఎయిజో నొమురా అనే ఆయన ఇంకా దగ్గర్లో, 170 మీటర్ల దూరంలో ఉండి బతికాడు. ఏవో కాగితాల కోసం కాంక్రీటు భవనం నేలమాళిగలోకి దిగాడు, బాంబు పడింది. 1982 దాకా ఉన్నాడు. ఆయనకి కాంక్రీటు అడ్డుపడింది, ఈ గురువులకి గ్రోపర్ ఊతాలు అడ్డుపడ్డాయి.

సరే, ఇంతవరకు మన సంఘం మిత్రులందరూ చెప్పేదే. నన్ను ఎక్కువగా బాధపెట్టేది మెసేజ్‌లో లేని ఊరు. హిరోషిమా తర్వాత మూడు రోజులకి నాగసాకి. బాంబు పడింది ఉరకామి అనే పేట మీద. జపాన్‌లో అంతకన్నా భక్తిగల కథోలికుల పేట లేదు. క్రైస్తవం నిషేధించి చిత్రహింసలు పెట్టిన కాలంలో, రెండు వందల ఏళ్ళకి పైగా, ఒక్క గురువు కూడా లేకుండా తాతల నుంచి మనవలకి ప్రార్థనలు దొంగచాటుగా అప్పగిస్తూ వచ్చినవాళ్ళు. ఆగస్టు 15 మరియమ్మ పండుగ. దానికి ముందు పాపసంకీర్తనం కోసం ఆ రోజు పొద్దున కొందరు పెద్ద గుడికి వెళ్ళారు. బాంబు 11 గంటల 2 నిమిషాలకి అక్కడికి సుమారు అరకిలోమీటరు దూరంలో పేలింది. గుడిలో ఉన్నవాళ్ళు, గురువులతో సహా, ఒక్కరూ మిగల్లేదు. ఆ పేటలో దాదాపు 12,000 మంది కథోలికులుంటే 8,500 మంది దాకా పోయారు.

నాగసాకి వైద్య కళాశాలలో తకాషి నగాయ్ అని ఎక్స్‌రే డాక్టరు ఉండేవాడు. ఆయనా కథోలికుడే. గాయాలతోనే రోగుల్ని చూసి చూసి, తర్వాత ఇంటికి వెళ్ళి బూడిదలో వెతికితే భార్య మిదోరి ఎముకలు దొరికాయి. వాటి దగ్గర కరిగిపోయిన జపమాల ఉంది.

హిరోషిమా మెసేజ్ పంపేవాళ్ళని నేను అడిగేది ఇదొక్కటే. నలుగురు గురువుల్ని జపమాల కాపాడితే, మిదోరిని ఎందుకు కాపాడలేదు? ఆవిడ సరిగ్గా చెప్పలేదా? నగాయ్ తనకు తాను ఒక సమాధానం చెప్పుకున్నాడు. 1945 నవంబరులో జరిగిన సంతాప సభలో, ఉరకామిని దేవుడే బలిగా ఎంచుకున్నాడని అన్నాడు. భార్యని బూడిదలో ఏరుకున్న మనిషి మాట అది, దాన్ని ఎగతాళి చెయ్యను. కానీ బాంబు వేసినవాళ్ళకి అంతకన్నా అనుకూలమైన మాట ఇంకేముంటుంది? జపాన్‌లోనే చాలామంది ఆ మాటని తప్పుబట్టారు. 1981లో హిరోషిమా వెళ్ళిన పోప్ జాన్ పాల్ II కూడా యుద్ధం మనుషుల పని అనే చెప్పాడు. ఈ ఒక్క విషయంలో పోప్‌తో నాకు పేచీ లేదు.

అయితే జపమాల ఏమీ చెయ్యదా? ఇక్కడ మన మిత్రులు కొందరు తొందరపడతారని నా అభిప్రాయం. "ఒకే మాట యాభైమూడు సార్లు! టేప్ రికార్డరు చాలదా?" అంటారు. దాన్ని చూసినవాళ్ళు అలా అనరు. మాలలో 59 పూసలు. చిన్నవి 53, ఒక్కోదానికి ఒక మంగళవార్త జపం. పెద్దవి ఆరు, వాటికి పరలోక జపం. ఒక్కో పదికి క్రీస్తు కథలోంచి ఒక ఘట్టం, వాటినే దేవరహస్యాలంటారు. సోమవారం సంతోషం, మంగళవారం దుఃఖం, బుధవారం మహిమ. గురువారానికి వెలుగు రహస్యాలు 2002లో జాన్ పాల్ II చేర్చినవి. నోరు ఒక పని చేస్తుంటుంది, వేళ్ళు ఒక పని, మనసు ఆ ఘట్టం మీద ఉంటుంది. మనసు లేకుండా నోరే కదిలితే అది ప్రాణం లేని శరీరమని పోప్ పాల్ VI 1974లోనే రాశాడు. కాబట్టి టేప్ రికార్డరు జోకు మనకన్నా ముందు వాళ్ళకే తెలుసు.

పదిహేను పదులు చెబితే 150 అవుతుంది. కీర్తనలు 150. లాటిన్ చదవడం రాని జనానికి కీర్తనల బదులు ఇది. పునీత దోమినిక్‌కి మరియమ్మ స్వయంగా ఇచ్చిందన్న కథని వంద ఏళ్ళ కిందటే చరిత్ర ఆధారాలతో కొట్టేసినవాడు హెర్బర్ట్ థర్‌స్టన్, ఆయన కూడా జెస్యూట్ గురువే. మనం కనిపెట్టామని మురిసిపోనక్కర్లేదు. నన్నడిగితే ఆకాశం నుంచి ఊడిపడిందనడం కన్నా, చదువురాని జనం వేళ్ళ మీద తయారు చేసుకున్నారనడమే గౌరవంగా ఉంది.

2001 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ డాక్టర్లు, లూచియానో బెర్నార్డి బృందం, ఒక పరిశోధన ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 23 మంది చేత మంగళవార్త జపం లాటిన్‌లో చెప్పించారు. సగం ఒకరు, సగం ఇంకొకరు చెబితే మొత్తం పది సెకన్లు. దాంతో ఊపిరి నిమిషానికి ఆరుసార్లకి దిగింది. రక్తపోటు తనంతట తాను పది సెకన్లకోసారి లేచి పడుతుంటుంది, ఆ లయతో ఇది కలిసింది. రక్తపోటు మార్పుని బట్టి గుండె వేగం సర్దుకునే గుణం 9.5 నుంచి 11.5కి పెరిగింది. మరి వాళ్ళే బౌద్ధుల 'ఓం మణి పద్మే హుం' చెబితే? అదే ఫలితం. అంటే పని చేసింది మరియమ్మా కాదు, మణీ కాదు, ఊపిరి. (యోగా మిత్రులు ఇదే పేపరు చూపించి ఓంకారం గొప్పదంటారు. ఆ పక్క పేరాలో ఉన్న జపమాల వాళ్ళకి కనిపించదు.) ఇరవైముగ్గురి మీద కాసేపు చేసిన పరీక్ష, అంతకు మించి లాగకూడదు. పైగా తెలుగు జపం లాటిన్ కన్నా పొడుగు. గడియారం పెట్టి చూశాను, పదిహేను సెకన్లు దాటింది. ఇటలీ లెక్క గుంటూరు జిల్లాకి అచ్చంగా సరిపోతుందని నేను చెప్పను.

గుంటూరు జిల్లా ఎందుకంటే మా అమ్మది అక్కడి ఊరు. ఆమెకి ఊపిరితిత్తుల జబ్బు. చివరి ఏడాది ఇంట్లోనే ఆక్సిజన్ మిషను. రాత్రి రెండింటికి ఆయాసం వస్తే భయం పట్టుకునేది, భయానికి ఆయాసం ఇంకా పెరిగేది. అప్పుడు జపమాల తీసేది. మూడో పదిలో ఒక పూస ఎప్పుడో పోయింది. అక్కడికి వచ్చాక ఖాళీ దారం మీద ఒకసారి వేలు ఆనించి లెక్క సరిచేసుకునేది. మొదటి సగం తను చెప్పేది. రెండో సగం చెప్పడానికి పక్కన మనిషి కావాలి. పగలు అక్క ఉండేది. రాత్రుళ్ళు నేను.

చెప్పాను. ఆ రెండో సగంలో మరణ సమయం మాట వస్తుంది. నమ్మని వాడివి నువ్వు ఎలా చెప్పావని సంఘంలో ఒకాయన నిలదీశాడు. నేను దేవుడితో మాట్లాడలేదు, అమ్మతో మాట్లాడాను. ఆమె వాక్యం సగంలో ఆపితే మిగతాది అందించాను. నేను చెబుతున్నంతసేపూ ఆమె ఊపిరి తీసుకునేది. మూడు పదులయ్యేసరికి భుజాలు దిగేవి. వేలికి పెట్టిన మీటరులో అంకె పెద్దగా మారేది కాదు, అదీ చూశాను. తగ్గింది భయం. ఆ టైములో నా దగ్గర అంతకన్నా మంచి మందు లేదు. ఒకసారి అడిగాను, "అమ్మా, నాకు నమ్మకం లేదని తెలుసు కదా, పర్లేదా?" అని. "నీ నమ్మకం ఎవడిక్కావాలిరా, అందుకో" అంది.

అమ్మ పోయిన పదో రోజున ప్రార్థన గుంపు నుంచి వచ్చిన ఒకావిడ అక్కతో, "విశ్వాసం లేని నోటితో చెప్పిన జపం ఎట్లా ఫలిస్తదమ్మా?" అంది. నా గురించే. నన్నంటే నాకేం కాదు. కానీ అక్క మూడు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. హిరోషిమా మెసేజ్ చివరికి చేరే చోటు ఇదే. అది బతికినవాడికి పతకం ఇస్తుంది, పోయినవాళ్ళ ఇంట్లో దొంగ ఎవరో వెతికిస్తుంది.

తర్వాత ఒక సాయంత్రం అక్కని కూర్చోబెట్టి చెప్పాను. అమెరికాలో 1,802 మంది గుండె ఆపరేషన్ రోగుల మీద జరిగిన పరిశోధన, 2006లో వచ్చింది. ప్రార్థించింది నమ్మకం ఉన్నవాళ్ళే, కథోలిక మఠాల వాళ్ళు కూడా ఉన్నారు. చేస్తారో లేదో తెలియనివాళ్ళలో, చేసినవాళ్ళకి 52 శాతం ఇబ్బందులొస్తే చెయ్యనివాళ్ళకి 51. మన కోసం చేస్తున్నారని తెలిసినవాళ్ళకి 59. అక్క ఈ అంకెలు పెద్దగా పట్టించుకోలేదు. మిదోరి గురించి చెప్పినప్పుడు మాత్రం ఆగింది.

"ఆవిడ నమ్మింది కదరా?"

"నీకంటే ఎక్కువ నమ్మింది."

చాలాసేపు ఏమీ అనలేదు. లేచి అన్నం పెట్టింది. అక్క ఇప్పటికీ అమ్మ మాలతోనే రోజూ జపం చెప్పుకుంటుంది. ఆ గుంపుకి మాత్రం వెళ్ళడం మానేసింది.