ఒక్క నిమిషం లెక్క

చంటిపిల్లలున్న ఇంట్లో ఓ చిత్రం చూస్తూంటాం. ఏడ్చినంతసేపూ "ఎప్పుడు నిద్రపోతాడమ్మా వీడు" అని దేవుళ్ళకి మొక్కుకున్నవాళ్ళే, తీరా వాడు పడుకున్నాక పిల్లిలా వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తారు, ఊపిరాడుతోందా లేదా అని! మా అమ్మ చేసింది, నేను చేశాను, ఇది చదువుతున్న మీరూ చేసే ఉంటారు. ఇంట్లో మగవాళ్ళు దీన్ని చాదస్తమంటారు. అననివ్వండి. ఆ చాదస్తానికి కాస్త లెక్క కూడా తోడైతే ఎంత పనికొస్తుందో చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

మా అక్క కూతురికి తొలికాన్పు. పిల్లాడికి ఇరవయ్యో రోజు. సాయంగా ఉందామని నేనూ అక్కడే ఉన్నాను. అర్ధరాత్రి "పిన్నీ! వీడు ఊపిరి తీయడం లేదు!" అని కేక. నేను పరుగెత్తుకెళ్ళేసరికి వాడి బుజ్జి పొట్ట మళ్ళీ ఆడుతూనే ఉంది. ఇద్దరం పక్కనే కూర్చుని చూశాం. గబగబా కొన్ని ఊపిరులు, ఆ తర్వాత కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ గబగబా. మర్నాడు పిల్లల డాక్టరుగారు విని నవ్వారు. కొత్తగా పుట్టినవాళ్ళ ఊపిరి అలాగే ఉంటుందిట. మధ్యలో అయిదు, పది సెకన్లు ఆగడం మామూలేనట. ఇరవై సెకన్లు దాటి ఆగినా, పెదవులు నీలం తిరిగినా మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. మన ఊపిరి గడియారం లోలకంలాంటిదైతే, పసివాళ్ళది కొత్తగా పాట నేర్చుకుంటున్న పిల్ల వేసే తాళంలాంటిదన్నమాట.

అసలు వాళ్ళ ఊపిరి మనకంటే చాలా వేగం. పెద్దవాళ్ళం ఊరికే కూర్చుని ఉంటే నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. పుట్టిన బిడ్డ 30 నుంచి 60 సార్లు తీస్తుంది. ఎందుకంటారా? ఒంటి బరువుతో పోల్చి చూస్తే వాళ్ళకి కావలసిన ఆక్సిజన్ మనకి దాదాపు రెట్టింపు. ఊపిరితిత్తులేమో బుల్లివి. చిన్న చెంబుతో గంగాళం నింపాలంటే ఎక్కువసార్లు ముంచాలి కదా!

ఇంకో తేడా ఉంది. మన పక్కటెముకలు ఏటవాలుగా ఉంటాయి. ఊపిరి పీల్చినప్పుడు పైకి లేచి రొమ్ము విచ్చుకుంటుంది. పసివాళ్ళవి దాదాపు అడ్డంగా ఉంటాయి, పైగా మెత్తన. అందుకని రొమ్ముకీ పొట్టకీ మధ్యనుండే డయాఫ్రం అనే కండరమే పనంతా నెత్తిన వేసుకుంటుంది. పొట్ట పొంగి తగ్గడం అందుకే. వాళ్ళ గాలిగొట్టం కూడా మహా సన్నం. అందులో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే చాలు, సగానికి పైగా దారి మూసుకుపోతుంది.

మొదటి నెలల్లో వాళ్ళు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ముక్కు దిబ్బడ వేస్తే పాలు తాగలేక ఏడ్చేది అందుకే. అన్నట్లు, స్నానం చేయించి ముక్కులో నూనె చుక్కలు వేయడం మనలో చాలా ఇళ్ళలో ఉంది. పెద్దవాళ్ళు నొచ్చుకున్నా సరే, అది మానిపించండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

ఆ పిల్లాడికే నాలుగో నెలలో జలుబు చేసింది. మర్నాటికి దగ్గు, జ్వరం. రాత్రి పదింటికి మా అమ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని చొక్కా పైకి తీసి చూసి, "డొక్కలెగరేస్తున్నాడే" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఏడుపు ఆగేదాకా ఉండి నేను వాచీ పెట్టుకుని లెక్కపెట్టాను. 62. నమ్మబుద్ధి కాక మళ్ళీ లెక్కపెట్టాను. 60. పీల్చినప్పుడల్లా రొమ్ము కింది భాగం లోపలికి గుంటపడుతోంది. తెల్లారేదాకా ఆగుదామన్న మాట ఇంట్లో వచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు. చీరకొంగు నడుముకి చుట్టి వాణ్ణెత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఇక కారు తీయక తప్పిందా? న్యుమోనియాయే. అయిదో రోజుకి క్షేమంగా ఇల్లు చేరాం.

లెక్క ఎలాగో చెబుతాను, కాస్త గుర్తుపెట్టుకోండి. ఏడుపు మానాక, పాలు తాగనప్పుడు పొట్ట మీద బట్ట తీయాలి. ఒకసారి పొంగి తగ్గితే ఒకటి. నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే కుదరదు, వాళ్ళ తాళం అలాంటిదని చెప్పానుగా! దగ్గు, జలుబు ఉన్న పిల్లల్లో రెండు నెలల లోపువాళ్ళకి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40, ఆ అంకె చేరినా దాటినా డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ఇది. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా అంకె కోసం చూడనే అక్కర్లేదు.

"మాకిన్ని అంకెలు ఎక్కడ గుర్తుంటాయండీ" అంటారేమో. మన కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరోంచ. అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఆ జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు, అంకెలు ఎక్కువ రాని మంత్రసానుల కోసం ఓ చిన్న పరికరం తయారుచేశారు. ఒక నిమిషంలో జారిపోయే ఇసుక గడియారం, పక్కన పూసలు. పది ఊపిరులకో పూస జరపాలి. ఇసుక అయిపోయేలోగా ఎర్రపూస దాకా వచ్చిందంటే ప్రమాదమన్నమాట. చదువురాని ఆ తల్లులు పసిబిడ్డల న్యుమోనియాని అలా పట్టుకున్నారు. సెల్‌ఫోన్లో సెకన్లు చూసుకునే మనకి చేతకాదూ?

మా అమ్మకి ఆ అంకెలేవీ తెలియవు. "డొక్కలెగరేయడం" అన్న మాటని మాత్రం వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుంది. డాక్టర్లు పుస్తకాల్లో రాసుకున్న గుర్తుని మన ఆడవాళ్ళు ఎప్పుడో మాటల్లో దాచుకున్నారు. ఆ చూపుకి ఈ లెక్క తోడైతే ఇంట్లో పిల్లాడికి అంతకన్నా కాపలా ఏముంటుంది?

చిక్కల్లా ఆ ఒక్క నిమిషం దగ్గరే. పొయ్యి మీద పాలు, గుమ్మంలో కూరలవాడు, లోపల్నించి "నా కళ్ళజోడు ఎక్కడే" అన్న కేక... ఏ పిలుపుకీ పలక్కుండా నిండా అరవై సెకన్లు కూర్చోవడం మనకి అలవాటు లేదు. ఆ ఒక్క నిమిషం ఇల్లు ఆగుతుంది, ఆగనివ్వండి. జబ్బు చేసేదాకా కూడా చూడొద్దు. మీ ఇంట్లో చంటివాడుంటే ఈ రాత్రే, వాడు హాయిగా నిద్రపోతున్నప్పుడే లెక్కపెట్టి చూడండి. బాగున్నప్పటి అంకె తెలిసి ఉంటేనే, బాగులేనప్పటి అంకె ఇట్టే పట్టుబడుతుంది.