‘హోల్డ్’కి ఫ్రెంచ్‌లో రెండు మాటలు

ఫ్రెంచ్‌లో సున్నా ఏకవచనం. ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంటే ఇంగ్లిష్‌లో ‘0 మెసేజెస్’ అని బహువచనంలో రాస్తాం. ఫ్రెంచ్‌లో అలా రాస్తే తప్పు, చివర ‘ఎస్’ తీసెయ్యాలి. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఎవరూ చెప్పని ఈ సంగతి నాకు క్లయింట్ పుణ్యమా అని తెలిసింది.

నాకు 28 ఏళ్లు. హైదరాబాద్‌లో కూర్చుని, కెనడాలోని క్విబెక్‌లో మందుల గోడౌన్లు నడిపే ఒక సంస్థకి సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. అక్కడ 1977 నుంచి ఫ్రెంచ్ భాషా చార్టర్ అమల్లో ఉంది. ఫ్రెంచ్‌లో పని చేసుకునే హక్కుని ఉద్యోగికి చట్టమే ఇచ్చింది. కాబట్టి మా స్క్రీన్లన్నీ ఫ్రెంచ్‌లోకి మారాలి. నేను రెండేళ్లుగా ఫ్రెంచ్ క్లాసులకి వెళ్తున్నానని టీమ్‌లో అందరికీ తెలుసు కదా, ఎక్సెల్ షీట్ తిన్నగా నా దగ్గరికే వచ్చింది. 412 ఇంగ్లిష్ మాటలు, పక్కన ఖాళీ గడులు. “ట్రాన్స్‌లేషన్ టూల్‌లో వేసెయ్, రెండ్రోజుల పని” అన్నారు మేనేజర్.

మొదట్లోనే ‘ఆర్డర్’ తగిలింది. కస్టమర్ పెట్టే ఆర్డర్ అయితే ‘కొమాండ్’. వరుసక్రమం అయినా, పైవాళ్ల ఆజ్ఞ అయినా ‘ఓర్ద్ర్’. తర్వాత ‘కేస్’. మందుల పెట్టె ఒకటి, కస్టమర్ ఫిర్యాదు ఒకటి, ఇంగ్లిష్ పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఇంకొకటి. ఫ్రెంచ్‌లో మూడింటికీ మూడు మాటలు. నవ్వొస్తుంది గానీ, మనకి మాత్రం? కోర్టు కేసు వేరు, బీరు కేసు వేరు, ఆస్పత్రిలో సీరియస్ కేసు వేరు. ఇక ‘ఎవెంచువల్లీ’కి అచ్చం కవలపిల్లలా కనిపించే ఫ్రెంచ్ మాట ఒకటుంది. దాని అర్థం ‘ఎప్పటికైనా’ కాదు, ‘బహుశా’. స్టాక్ కాస్త ఆలస్యంగానైనా వస్తుందని చెప్పబోయి, వస్తే రావచ్చు అని చెప్పినట్టవుతుంది. అవి మందులు మరి!

అందుకే షీట్‌లో ఇంకో కాలమ్ కలిపించాను. ప్రతి మాట పక్కనా అది కనిపించే స్క్రీన్ ఫొటో ఉండాలని పట్టుబట్టాను.

ఒక్క విషయంలో మాత్రం తెలుగోడిగా పుట్టినందుకు సంతోషించాను. ఫ్రెంచ్‌లో ‘తు’, ‘వు’ అంటే మన నువ్వు, మీరు. ఎవరికి ఏది వాడాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. బటన్ల దగ్గర వాళ్లు ఆ గొడవే లేకుండా చేసుకున్నారు. ‘సేవ్ చెయ్’, ‘సేవ్ చేయండి’ కాకుండా, ‘సేవ్ చేయడం’ అన్నట్టుగా రాసేస్తారు. మర్యాద పోదు, చనువూ ఉండదు.

కొత్త మాటలు పుట్టించడం ఇంకో కథ. 1955లో ఐబీఎం ఫ్రాన్స్ వాళ్లు తమ కొత్త యంత్రానికి పేరు కావాలంటే, లాటిన్ ప్రొఫెసర్ జాక్ పెరె ‘ఓర్దినాతర్’ సూచించారు. లోకానికి క్రమం ఏర్పరిచే దేవుడి గురించి వాడిన పాత మాట అది. ఇవాళ ఫ్రెంచ్‌లో కంప్యూటర్ అంటే అదే. క్విబెక్ వాళ్లయితే ఇందులో మహా హుషారు. కీబోర్డుని ‘క్లావియే’ అంటారు, కబుర్లని ‘బవర్దాజ్’ అంటారు, రెండూ కలిపి చాటింగ్‌ని ‘క్లావర్దాజ్’ చేశారు. ఈమెయిల్‌కి వాళ్లు పెట్టుకున్న ‘కురియెల్’ని 2003లో ఫ్రాన్స్ ప్రభుత్వం కూడా తీసుకుంది. జనం నోట్లో మాత్రం అక్కడ ‘మెయిల్’ పోలేదు. రోడ్డు మీద ఎర్రబోర్డు కూడా ఫ్రాన్స్‌లో ‘స్టాప్’ అంటుంది, క్విబెక్‌లో ‘అరే’ అంటుంది. చుట్టూ ఇంగ్లిష్ సముద్రం ఉన్నవాళ్లకి ఆ పట్టుదల ఉండటం నాకు వింతగా అనిపించదు. అలాగని పుట్టించినవన్నీ బతకవు. హ్యాష్‌ట్యాగ్‌కి 2013లో ఫ్రాన్స్ ఇచ్చిన ‘మో-దియేజ్’ని చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. దియేజ్ అనేది సంగీతంలో వాడే గుర్తు, అసలు ఆ గీతలే వేరు.

మాట సరైనదే అయినా చోటు కుదరకపోతే ఏమవుతుందో మా అమ్మని అడగాలి. బ్యాంకు యాప్‌ని తెలుగులోకి మార్చి ఇచ్చాను. చెల్లికి డబ్బు పంపబోతే ‘లబ్ధిదారుని జోడించండి’ అని వచ్చింది. “ఇదేం పథకంరా, మనకి తెల్లకార్డు లేదుగా?” అంది. మర్నాటికల్లా యాప్ మళ్లీ ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయింది.

షీట్‌లో అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది ‘హోల్డ్’. డబ్బు కట్టడం ఆలస్యమై ఆగిన ఆర్డర్ ‘హోల్డ్’. పెట్టె పగిలినందుకు పక్కన పెట్టిన మందులూ ‘హోల్డ్’. మాంట్రియల్ గోడౌన్ సూపర్‌వైజర్ ఒకావిడ కాల్‌లో సూటిగా చెప్పారు: మొదటిది ‘ఆనతాంత్’, అంటే ఎదురుచూపులో ఉంది. రెండోది ‘బ్లొకే’, అంటే ఎవరూ ముట్టుకోవద్దు. పగిలిన పెట్టె మీద ‘ఆనతాంత్’ అని చూస్తే, నైట్ షిఫ్ట్ కుర్రాడు కాసేపు ఆగి లారీ ఎక్కించేస్తాడు.

కానీ మా డేటాబేస్‌లో రెండింటికీ ఉన్నది ఒకటే స్టేటస్. రెండు మాటలు చూపించాలంటే కోడ్ మార్చాలి, పాత రికార్డులు విడగొట్టాలి. “ట్రాన్స్‌లేషన్ కోసం డేటాబేస్ మారుస్తావా?” అన్నారు మేనేజర్. ఆ రెండు పెట్టెల ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపాను. రిలీజ్ నాలుగు రోజులు వాయిదా పడింది. ఆ నాలుగు రోజులూ ఆయన నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

పోయిన వారం టొరంటో గోడౌన్ నుంచి రిక్వెస్ట్ వచ్చింది. వాళ్లు వాడేది ఇంగ్లిష్ స్క్రీనే. ఫ్రెంచ్ వాళ్లకి ఇచ్చినట్టు మాకూ ‘హోల్డ్’ని రెండుగా విడగొట్టి ఇస్తారా అని.