ఊరపిచ్చుక చిరునామా

అమెరికా వచ్చిన మొదటి పదేళ్ళలో నాకు బాగా తెలిసిన పక్షులు రెండే. ఒకటి థాంక్స్ గివింగ్ టర్కీ, రెండోది డాలరు నోటు వెనక ఉండే గద్ద. ఇల్లు కొనుక్కుని, గడ్డి కోసే బాధ్యత నెత్తిన పడ్డాకే మిగతావాటిని పట్టించుకున్నాను. న్యూజెర్సీలో మా పెరట్లోకి ఎర్రటి కార్డినల్, నీలిరంగు బ్లూ జే, పొట్ట ఎర్రగా ఉండే రాబిన్ వస్తుంటాయి. వీటిని గుర్తుపట్టడం తేలిక. చిక్కంతా మట్టిరంగు చిన్న పిట్టలతోనే. ఈ ఖండంలో రెండు డజన్లకు పైగా రకాలని 'స్పారో' అనే పిలుస్తారు మరి!

మా అమ్మకి మాత్రం ఆ చిక్కు రాలేదు. వచ్చిన మర్నాడే జెట్‌లాగ్‌తో తెల్లవారుజామున లేచి, డెక్ మీద కూర్చుని, "ఒరేయ్, మన పిచ్చుకలు ఇక్కడికెప్పుడొచ్చాయిరా?" అంది. నిజంగా మనవే. శాస్త్రవేత్తల లెక్కలో కోనసీమ ఊరపిచ్చుకా, ఇదీ ఒకటే జాతి, పాసర్ డొమెస్టికస్.

మగదానికి నడినెత్తి బూడిదరంగు, దానికి రెండు పక్కలా ఇటుకరంగు, బుగ్గలు తెల్లన, గొంతు కింద నల్లమచ్చ. ఆడది నిరాడంబరం: మట్టిరంగు ఒళ్ళు, కంటి వెనక లేత చార, గీతల్లేని పొట్ట. పొదల్లో పాడే సాంగ్ స్పారోకి రొమ్మంతా చారలుంటాయి, చిప్పింగ్ స్పారోకి వేసవిలో ఎర్రటి టోపీ. ఆ రెండూ ఈ నేల పిట్టలు. పేరొకటే గాని వంశం వేరు.

పోలికలు గుర్తులేకపోయినా చిరునామా చాలు. ఊరపిచ్చుక అడవిలో ఉండదు. మనిషి కప్పు వేసిన చోటే దాని కాపురం. పార్కింగ్ లాట్‌లో పడ్డ ఫ్రెంచ్ ఫ్రైస్ చుట్టూ గెంతుతుంది. దుకాణాల బోర్డు అక్షరాల సందుల్లో, బట్టల డ్రయ్యరు గొట్టంలో గూడు పెడుతుంది. మా ఊళ్ళో దేవుడి పటం వెనక, దూలం సందున పెట్టినట్టే.

వీటిని ఇక్కడికి తెచ్చింది మనుషులే. 1851-52 ప్రాంతంలో, చెట్ల ఆకులు తినేసే గొంగళిపురుగుల పని పడతాయని ఇంగ్లండు నుంచి ఓడలో రప్పించి బ్రూక్లిన్‌లో వదిలారు. ఒక రకంగా హెచ్ వన్ వీసా అన్నమాట! అవి పురుగుల కంటే గుర్రాల పేడలో దొరికే గింజల మీద ఎక్కువ దృష్టి పెట్టి, యాభై ఏళ్ళలో దాదాపు దేశమంతా పాకాయి. పిలిచినవాళ్ళకే పీడయ్యాయి. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం దేశవాళీ పిట్టల గూళ్ళనీ గుడ్లనీ కాపాడుతుంది. ఊరపిచ్చుకకి అందులో చోటు లేదు.

ఈ సంగతి నాకు చెప్పింది పక్కింటి పెద్దాయన. బ్లూబర్డ్ కోసం ఆయన చేసిచ్చిన చెక్కపెట్టె మా పెరట్లో ఉంది. దాని కన్నం ఒకటిన్నర అంగుళం. ఆ కొలత పిచ్చుకకీ సరిపోతుంది. మార్చిలో బ్లూబర్డ్ జంట వచ్చి చూసుకుని వెళ్ళింది. వారం తిరక్కుండా ఓ మగ పిచ్చుక అందులోకి గడ్డిపోచలు మోయడం మొదలెట్టింది. పిచ్చుక దూరితే బ్లూబర్డ్ గుడ్లు పగలగొడుతుంది, ఒక్కోసారి లోపలున్న తల్లిని కూడా చంపుతుంది.

"గూడు తీసెయ్, చట్టం అడ్డు రాదు" అన్నాడాయన.

"పిచ్చుక గూడు తీస్తే మహాపాపంరా" అంది అమ్మ. సంక్రాంతికి వరికంకుల కుచ్చులు వసారా చూరుకి వేలాడదీసిన మనిషి మరి.

చివరికి నా చేత నిర్ణయం చేయించింది చట్టమూ కాదు, పాపభయమూ కాదు, ఆ చిరునామాయే. బ్లూబర్డ్‌కి చెట్టు తొర్ర కావాలి. ఎండిన చెట్టు కనిపిస్తే కొట్టేసే మా వీధుల్లో దానికి ఆ పెట్టె తప్ప వేరే ఇల్లు లేదు. పిచ్చుకకి ఊరంతా ఇళ్ళే. గుడ్లు పెట్టకముందే గడ్డి తీసేశాను. మళ్ళీ తెచ్చింది, మళ్ళీ తీశాను. నాలుగోసారి తర్వాత రాలేదు. ఏప్రిల్ చివర్లో పెట్టెలో నాలుగు నీలం గుడ్లు కనిపించాయి.

అమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది. మూడోరోజు గుప్పెడు సోనామసూరి డెక్ మీద చల్లుతూ, "ఇల్లెలాగూ ఖాళీ చేయించావు, తిండైనా పెట్టనీ" అంది. గింజలు చల్లితే పిచ్చుకలు మళ్ళీ చేరతాయని పక్కింటాయన సూత్రం. నేను ఇద్దరికీ ఏమీ చెప్పలేదు.

అక్కడ పెంకుటిళ్ళు పోయి స్లాబులొచ్చాక పిచ్చుకకి దూలం సందు కరువైంది. 2010 నుంచి మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. 2012లో ఢిల్లీ దాన్ని రాష్ట్ర పక్షిని చేసింది. మా ఊళ్ళో ఇప్పుడు అట్టపెట్టెలకి కన్నం పెట్టి గోడలకి తగిలిస్తున్నారట, పిచ్చుక వస్తుందేమోనని. అక్కడ రమ్మని పెట్టె కడుతున్నారు, ఇక్కడ నేను పెట్టెలోంచి పంపేశాను. ఎక్కడి న్యాయం అక్కడిదే అనుకుంటాను.

ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినప్పుడల్లా మాత్రం బోర్డు అక్షరాల సందుల్లోకి ఓసారి చూస్తాను. మీరూ చూడండి. గొంతు కింద నల్లమచ్చ ఉంటే, మనదే.