పరుగు ముగిశాక కాలి బలం

నా పని ఇతరుల పరుగు ముగిశాక మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పర్వతాలకు దగ్గరగా ఉన్న ఒక ప్రయోగశాలలో కండరాల అలసటను కొలుస్తుంటాను. రాత్రంతా కొండలెక్కి దిగి వచ్చిన మనిషి ముగింపు గీత దాటగానే, స్నానమూ నిద్రా తర్వాత అని బతిమాలి మా కుర్చీ దగ్గరికి తీసుకొస్తాం. నడుముకీ ఛాతీకీ బెల్టులు బిగిస్తాం. మోకాలు లంబకోణంలో ఉండాలి. చీలమండకు కాస్త పైన కట్టిన పట్టీ బలాన్ని కొలిచే పరికరానికి తగిలించి ఉంటుంది. "ఉన్న బలమంతా పెట్టి కాలు ముందుకు చాపండి" అంటాను. పట్టీ కాలిని కదలనివ్వదు. తెర మీద గీత మాత్రం లేస్తుంది. పరుగుకు ముందు అదే మనిషి లేపిన గీత దాని పక్కనే కనిపిస్తుంటుంది.

చూడ్డానికి చిన్న పనే. కష్టమంతా సమయంతోనే. అలసటలో కొంత భాగం నిమిషాల్లోనే తగ్గడం మొదలవుతుంది. అక్కడేమో ఇంటివాళ్లు వచ్చి వాటేసుకుంటారు, ఎవరో ఫొటో అడుగుతారు, ఒకరికి వాంతవుతుంది, ఇంకొకరు నిలబడే కునుకు తీస్తారు. వాళ్ల సంతోషానికి అడ్డు తగలకుండా, కొలత పాడవకుండా నడిపించుకు రావడం ఏ పుస్తకమూ నేర్పదు. ముందు పరీక్షలో గజ్జల దగ్గర ఎలక్ట్రోడ్ అంటించిన చోట చెరగని సిరాతో గుర్తు పెడతాం, తర్వాత మళ్లీ సరిగ్గా అక్కడే అంటించాలి కనుక. చెమటా వానా కలిస్తే ఆ సిరా కూడా చెరిగిపోతుంది. అందుకే తుంటి ఎముక నుంచి ఎంత దూరమో టేపుతో కొలిచి రాసి పెట్టుకుంటాను.

ఎలక్ట్రోడ్ ఎందుకంటే, బలం తగ్గిందని తెలిస్తే సరిపోదు, ఎక్కడ తగ్గిందో తెలియాలి. రన్నర్ బలమంతా పెడుతున్న క్షణంలోనే తొడ నరానికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తాం. మెదడు ఆ కండరాన్ని పూర్తిగా వాడుకుంటూ ఉంటే మా కరెంటు కొత్తగా చేర్చేదేమీ ఉండదు. గీత ఇంకాస్త పైకి ఎగిరిందంటే, కండరంలో ఇంకా మిగిలి ఉన్న బలాన్ని మెదడు పిలవలేకపోతోందన్నమాట. తర్వాత కాలు వదులుగా పెట్టించి మరోసారి ప్రేరణ ఇస్తాం. ఈసారి ఆ మనిషి ఇష్టంతో, పట్టుదలతో పనిలేదు. కండరం ఒంటరిగా ఇచ్చే జవాబు అది. మొదటిది నాడీవ్యవస్థ వైపు అలసట, రెండోది కండరం వైపు అలసట. పిక్కలకైతే మోకాలి వెనక గుంటలో నరాన్ని వెతుక్కుంటాం. కొన్ని పరీక్షల్లో తలపై అయస్కాంత చుట్ట పెట్టి మెదడు నుంచే సంకేతం పుట్టిస్తాం.

కొండ పరుగులో కాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది దిగుడు. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, గుండె కొట్టుకుంటుంది, అందుకని కష్టమంతా అక్కడే ఉందనిపిస్తుంది. నేను ఫిజియోథెరపీ చదివింది తిరుపతిలో. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి, మోకాళ్ల పర్వతం దాటి, గోవిందనామం చెప్పుకుంటూ పైకి చేరినవాళ్లలో, బస్సెక్కకుండా మెట్ల మీదుగానే దిగివచ్చినవాళ్లు కొందరు మర్నాడు మంచం దిగలేక మా దగ్గరికి వచ్చేవాళ్లు. దిగుతున్నప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బిగిసి ఉండాలి, ఒంటి బరువును ప్రతి అడుగులో ఆపాలి. సాగుతూ బిగిసే ఆ పనిలో కండరపు పోగులకు సూక్ష్మమైన గాయాలవుతాయి. మాంట్ బ్లాంక్ చుట్టూ తిరిగే యూటీఎంబీ పరుగు సుమారు 171 కిలోమీటర్లు. ఫ్రాన్స్‌లోని షామోనీలో బయల్దేరి ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా మళ్లీ షామోనీకే చేరుతుంది. దాదాపు 10,000 మీటర్లు ఎక్కాలి. మొదలైన చోటే ముగుస్తుంది కనుక అంతా దిగాలి కూడా.

ఇక స్త్రీ పురుషుల మాట. జాన్ టెమెసీ, గియోమ్ మిలే, వాళ్ల సహచరులు 110 కిలోమీటర్ల కొండ పరుగుకు ముందూ తర్వాతా పదిమంది స్త్రీలనీ పదిమంది పురుషులనీ పరీక్షించి, ఫలితాలను 2015లో ప్రచురించారు. ఆ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది జతలు కుదిర్చిన పద్ధతి. ఆడవాళ్లలో గెలిచినామె సమయంతో ఆడవాళ్లనీ, మగవాళ్లలో గెలిచినతని సమయంతో మగవాళ్లనీ పోల్చి, ఎవరు తమ వర్గంలో ఏ స్థాయి రన్నరో చూసి జత కట్టారు. ఇది చేయకుండా ఒక మామూలు మగ రన్నర్ పక్కన అగ్రశ్రేణి మహిళను కూర్చోబెడితే, తేలేది శిక్షణలోని తేడానే. వాళ్ల లెక్క ప్రకారం తొడ కండరాల గరిష్ఠ బలం పురుషుల్లో 38 శాతం పడిపోయింది, స్త్రీలలో 29 శాతం. పిక్కల దగ్గర కథ వేరు. తమంతట తాము పెట్టగలిగిన బలం ఇద్దరిలోనూ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ కరెంటుకు కండరం ఒంటరిగా ఇచ్చిన జవాబు పురుషుల్లో 23 శాతం తగ్గితే స్త్రీలలో 8 శాతమే తగ్గింది. మెదడు వైపు అలసట ఇద్దరికీ వచ్చింది, ఇద్దరికీ ఒకే తీరుగా వచ్చింది.

ఇరవైమందితో లోకం మొత్తానికి తీర్పు చెప్పలేం. అయినా నా కుర్చీలో కూర్చున్నవాళ్లను చూశాక ఆ దిశ నాకు నమ్మదగినదిగానే కనిపిస్తోంది, ముఖ్యంగా పిక్కల విషయంలో. కారణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. సగటున స్త్రీల తొడ కండరంలో నెమ్మదిగా పనిచేసి ఎక్కువసేపు నిలిచే పోగుల పాలు ఎక్కువ. ఒకే స్థాయి శ్రమలో స్త్రీ శరీరం కొవ్వును ఎక్కువగా మండించి, కండరంలో దాచుకున్న గ్లైకోజెన్‌ను పొదుపుగా వాడుతుంది. బరువు తక్కువ కనుక దిగుడులో ప్రతి అడుగుకీ ఆపాల్సిన భారం కూడా తక్కువ. పరుగును నడుపుకునే తీరు కూడా ఒక కారణమే. అమెరికాలో 2011లో జరిగిన 14 మారథాన్లలో 91,929 మంది సమయాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, రెండో సగంలో పురుషుల వేగం సగటున 15.6 శాతం మందగిస్తే స్త్రీలది 11.7 శాతం మందగించింది. మొదట్లోనే తొందరపడితే తర్వాత కాళ్లు మొరాయిస్తాయి. అలాంటప్పుడు నా తెరపై కనిపించే నష్టంలో ఎంత కండరానిది, ఎంత ఆ తొందరపాటుది అని విడదీయడం చాలా కష్టం.

ఇక్కడే చాలామంది జారిపోతారు. అలసట తక్కువ కాబట్టి దూరం పెరిగేకొద్దీ ఆడవాళ్లే గెలుస్తారని రాసేస్తారు. యూటీఎంబీలో జిమ్ వామ్స్‌లీ 2023లో 19 గంటల 37 నిమిషాల్లో ముగించాడు. కేటీ షైడ్ 2024లో 22 గంటల 9 నిమిషాల్లో ముగించింది. తేడా దాదాపు 13 శాతం. నేను కొలిచేది మొదట ఉన్న బలంలో ఎంత పోయిందన్నది. మొదట ఎంత ఉందన్నది వేరే సంగతి. గుండె ఎంత రక్తం పంపగలదు, రక్తం ఎంత ఆక్సిజన్ మోయగలదు, ఒంట్లో కండ ఎంత ఉంది అన్నవి పురుషులకు అనుకూలంగానే ఉంటాయి. తక్కువ పోగొట్టుకున్నంత మాత్రాన ముందు చేరరు. ఎప్పుడో అరుదుగా రెండూ కలిసొస్తాయి. 2019లో బ్రిటన్‌లోని స్పైన్ రేస్‌లో జాస్మిన్ పారిస్ 268 మైళ్లను 83 గంటల 12 నిమిషాల్లో ముగించి, ఆడా మగా అందరికంటే ముందు నిలిచింది. దారిలో విశ్రాంతి శిబిరాల దగ్గర ఆగి, ఇంట్లో ఉన్న పసిపాప కోసం పాలు పిండుకుంది. అలాంటి విజయం ఆమె సొంతం. దాన్ని సగటు లెక్కలో కలిపి స్త్రీలందరి గుణంగా చెబితే ఆమె కష్టాన్ని తక్కువ చేసినట్టే.

ఇంకో మాట కూడా చెప్పాలి. నా పని గురించి విన్న మన పెద్దవాళ్లు చాలామంది మురిసిపోతారు. "అందుకేగా అమ్మా, ఆడదానికి భూదేవంత ఓర్పు అన్నారు" అంటారు. ప్రేమతోనే అంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే గుండె కలుక్కుమంటుంది. నేను కొలిచింది ఒక కండరం, ఒక పరుగు తర్వాత, కొన్ని క్షణాలపాటు. రోజంతా నడుం వాల్చకుండా పనిచేసే ఇల్లాలికి విశ్రాంతి అక్కర్లేదనడానికి నా గీతలు సాక్ష్యం కావు, కానివ్వను. అలసట తక్కువ రావడం వేరు, వచ్చిన అలసటను బయటికి చెప్పుకోలేకపోవడం వేరు.

ఓర్పు ఉందని పొగిడిన లోకమే పరుగు దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్లను ఆపింది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళలు 800 మీటర్లు పరిగెత్తితే, అది వాళ్ల ఒంటికి మించిన పని అని గగ్గోలు పెట్టి 1960 దాకా మళ్లీ పరిగెత్తనివ్వలేదు. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ 1984లోగానీ రాలేదు. పరిశోధనల్లోనూ అంతే. నెలసరి వల్ల కొలతలు మారతాయేమోనని చెప్పి ఏళ్ల తరబడి మగవాళ్లనే పరీక్షించి, ఆ శిక్షణ సూత్రాలనే అందరికీ పంచారు. కొలత మారుతుందంటే దాన్ని కొలవడానికి అంతకంటే మంచి కారణం ఏముంటుంది? ఇప్పుడు మేము పరుగు నాటికి నెలసరి ఎన్నో రోజో, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారో లేదో అడిగి రాసుకుంటాం. పరీక్షలో ఉత్సాహపరిచే మాటలు కూడా కాగితం మీద ఉన్నవే, అందరికీ అదే గొంతుతో, అన్నేసిసార్లే. మగవాళ్లకు గట్టిగా అరిచి ఆడవాళ్లకు మెత్తగా చెబితే గీతలో ఆ తేడా కూడా చేరిపోతుంది.

ఈ మధ్య హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. లద్దాఖ్‌లో 72 కిలోమీటర్ల ఖర్దుంగ్ లా ఛాలెంజ్ పరిగెత్తాలని కోరిక. ఖర్దుంగ్ ఊరి నుంచి 5,370 మీటర్ల కనుమ ఎక్కి, అక్కడి నుంచి లేహ్‌కు దిగాలి.

"అక్కా, ఆడవాళ్లకి కండరాలు తక్కువ అలుస్తాయటగా. అంటే నేను దిగుడు ప్రాక్టీస్ తగ్గించుకోవచ్చా?"

"తగ్గించకమ్మా, పెంచు. అక్కడ ఎక్కేదానికంటే దిగేదే ఎక్కువ. దిగుడుకి అలవాటుపడిన కండరం తర్వాతిసారి అంతగా దెబ్బతినదు, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. మొదట చిన్న వాలు, తక్కువ దూరం చాలు. నొప్పి పూర్తిగా తగ్గాకే మళ్లీ వెళ్లు."

తర్వాత నేనే అడిగాను, రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని. కాలేజీ రోజుల్లోనట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ చాలకపోతే నెమ్మది పోగులు ఎన్ని ఉండి ఏం లాభం? గాలి పలచబడే అంత ఎత్తులో అది మరీ ప్రమాదం. పరీక్ష చేయించుకోమన్నాను. చేయించుకుని రిపోర్టు వాట్సాప్‌లో పంపింది. హిమోగ్లోబిన్ 10.4. మామూలుగా 12కి తగ్గకూడదు. ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ కూడా తక్కువే. డాక్టరు మందులు మొదలుపెట్టారు. లద్దాఖ్ ఆలోచన వచ్చే ఏటికి జరిపి, ప్రస్తుతం వారానికి ఒక చిన్న వాలు మాత్రమే దిగుతోంది. రక్తం మళ్లీ పరీక్ష చేయించాక దూరం పెంచుదామని అనుకున్నాం.