లంబసింగి ఘాటీ: ఎక్కితే తెలుస్తుంది!

హీరో హీరోయిన్లు కొండదారిలో సైకిలు తొక్కే పాటలు మీరెన్నో చూసుంటారు. ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి... సైకిలు ఎప్పుడూ కిందికే దిగుతుంటుంది! ఎక్కే షాటు మచ్చుకైనా కనపడదు. ఎందుకు కనపడదో మొన్న జనవరిలో నాకు బోధపడింది. డౌనూరు దాటాక మూడో మలుపులో సైకిలు దిగి, హ్యాండిల్ మీద తలవాల్చి రొప్పుతున్న నన్ను ఎవరైనా క్లోజప్‌లో తీసి ఉంటే, ఆ ముక్క ఎడిటింగ్ రూమ్ దాటి బయటికి వచ్చేది కాదు.

అసలీ ప్రయాణం పెట్టుకోవడానికి కారణం కూడా సినిమాయే. కృష్ణగారి నూరో చిత్రం, తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. అవుట్‌డోర్ చింతపల్లి అడవుల్లో తీశారు. దర్శకుడు వి.రామచంద్రరావుగారు సినిమా మధ్యలోనే కన్నుమూస్తే కృష్ణగారే పూనుకుని పూర్తి చేయించారు. అప్పటికి నేను పుట్టనే లేదు. కానీ మా నాన్నగారి పుణ్యమా అని ఆ సినిమా ఇంట్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నా మిత్రుడొకడు అసిస్టెంట్ కెమెరామన్‌గా పనిచేస్తున్నాడు. "ఆ కొండల్ని స్కోప్‌లో చూశాం గురూ, ఇక కాళ్లతో చూద్దాం పద" అన్నాడు. సరేనన్నాను. ఆ మాట అనేటప్పుడు నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను!

సైకిళ్లు ట్రాలీ ఆటోలో వేసుకుని నర్సీపట్నం చేరాం. అక్కణ్ణించి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాకా దారి సాదాసీదాగా ఉంటుంది. జీడిమామిడి తోటలు, టీ బడ్డీలు, ఆదమరిచి రోడ్డు మీద పడుకున్న మేకలు. అక్కడ మొదలవుతుంది ఘాటీ. లంబసింగి ఊరు సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. మావాడిది గేర్ల సైకిలు. నాది గేర్లు లేని మామూలు సైకిలు. "హీరో నువ్వే, కష్టం నువ్వే పడాలి" అని వాడు ముందుకు పోయాడు.

నేను కాసేపు తొక్కి, కాసేపు నెట్టుకుంటూ పోతుంటే నెత్తిన కట్టెల మోపుతో ఒక ముసలమ్మ నా పక్కనుంచి రోడ్డు దాటి, పొదల్లో ఉన్న కాలిదారి పట్టింది. ఆవిడ ఎటు పోయిందా అనుకుంటూ రెండు మలుపులు తిరిగేసరికి, పైన రాతి మీద మోపు దింపుకుని కూర్చుని ఉంది! రోడ్డు కొండ చుట్టూ తిరుగుతుంది. కాలిదారి కొండకు అడ్డంపడి పోతుంది. ఆవిడ నన్ను చూసి నవ్వలేదు గానీ, నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ కాలిదారుల సంగతి తెలియకే తెల్లదొరలు దెబ్బతిన్నారు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారుల్ని రామరాజు దళం మాటువేసి కాల్చి చంపింది. దారి ఎవరికి ఎరికో వాళ్లదే కొండ. ఇదంతా పుస్తకాల్లో చదివినదే. కానీ ఆ ముసలమ్మ వెనక ఒక్క మలుపు మేర నేనూ కాలిదారిన సైకిలు భుజాన వేసుకుని ఎక్కి చూశాను. రోడ్డు మీద వచ్చే జీపు ఏ మలుపులో ఉందో పైనుంచి స్పష్టంగా కనిపిస్తోంది. జీపులోవాళ్లకి నేను కనిపించే అవకాశమే లేదు.

లంబసింగి చేరేసరికి పొద్దు వాలింది. చెమటతో తడిసిన చొక్కా మీద చలిగాలి తగిలితే ఎలా ఉంటుందో చెప్పలేను. ఎవరైనా వెళ్తే పొడి చొక్కా ఒకటి సంచిలో పెట్టుకోండి. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడట! డిసెంబరు, జనవరిల్లో మంచు చూడ్డానికి కార్లు బారులు తీరుతున్నాయి. గుడారాలు, బొంగు చికెను, సెల్ఫీలు, పొద్దున్నే చెట్ల కింద ప్లాస్టిక్ గ్లాసులు. వాటి గురించి రాస్తే మీరు పేజీ తిప్పేస్తారు కనక ఊరుకుంటాను.

మర్నాడు చీకటితోనే సైకిళ్లు వదిలేసి చెరువులవేనం కొండకు నడిచాం. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పైకి పోయేకొద్దీ చలి పెరగాలి కదా? తగ్గినట్టనిపించింది. రాత్రి నేల చల్లబడ్డాక బరువెక్కిన చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారి లోయలో నిలిచిపోతుంది. మంచు తెర అక్కడే కడుతుంది. కొండమీద నిలబడితే తెల్లటి సముద్రం మన కాళ్ల కిందుంటుంది. మావాడు కెమెరా తియ్యలేదు. "లెన్సు తీస్తే ఇదంతా తగ్గిపోతుందిరా" అన్నాడు. వాడు అలా అనడం నేనెప్పుడూ వినలేదు.

దిగివచ్చి బడ్డీ దగ్గర చోడి అంబలి తాగుతుంటే ఒక పెద్దాయన కలిశాడు. సినిమా వాళ్లమని మావాడు చెప్పేశాడు (అది వాడికి అలవాటు). కృష్ణగారి షూటింగు నాటికి ఆయన పన్నెండు పదమూడేళ్ల కుర్రాడట.

"సూడ్డానికి ఎల్తే జనంలో నుంచోమన్నారు బాబూ. నుంచున్నందుకు డబ్బులిచ్చారు. మా తాత ఈ రోడ్డుకి రాళ్లు మోశాడు. మోసినందుకు ఇవ్వలేదు!"

మామూలుగా, చక్కెర ధర చెప్పినట్టు చెప్పాడు.

అది కట్టుకథ కాదు. పోడు వ్యవసాయానికి అడవి చట్టాలతో అడ్డుపడటం ఒకటైతే, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించడానికి మన్యం జనంతో చేయించుకున్న చాకిరీ ఇంకొకటి. ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేదు. అడిగినవాణ్ణి కొట్టారు. గాం గంటందొర, మల్లుదొర సోదరులు రామరాజు వెంట నడవడం వెనక ఈ కసి కూడా ఉంది. అంతకు ముందురోజు నేను రొప్పుతూ, గేర్లు లేవని తిట్టుకుంటూ ఎక్కింది ఆ దారినే. ఖాళీ సైకిలు నెట్టడానికే నా పని అయిపోయింది. ఆ ఎత్తున రాళ్లు మోసి, సాయంత్రం ఉత్త చేతులతో దిగిపోయినవాళ్లున్నారు. అంబలి గిన్నె ఖాళీ అయ్యాక కూడా మావాడు, నేను కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

తాజంగి చెరువు చూసుకుని చింతపల్లికి తొక్కాం. 1922 ఆగస్టు 22న రామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి 11 తుపాకులు, 1,390 తూటాలు పట్టుకుపోయింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు, అదీ వానాకాలం కొండల్లో! సినిమాలో చూస్తే ఒక సీను తర్వాత ఒక సీను వచ్చేస్తాయి గానీ, మధ్యలో ఉన్న దూరం మనకు తెలియదు. తారురోడ్డు మీద సైకిళ్లతో వెళ్లిన మాకు తెలిసింది.

దిగడంలో మావాడి గేర్ల గర్వం కాస్త అణిగింది. కంగారులో రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకునే దిగాడు. నాలుగో మలుపులో కాలిన వాసన! రిమ్ముకి వేలు తగిలి చురుక్కుమంది. ఘాటీలో బ్రేకు పట్టుకు వేలాడకూడదు. మలుపుకి ముందే వేగం తగ్గించి, వదులుతూ పడుతూ దిగాలి. అది చల్లారేదాకా గట్టు మీద కూర్చున్నాం. తర్వాత తొక్కకుండా నడిపించుకుంటూ దిగాం.

డౌనూరు నుంచి కృష్ణదేవిపేట వైపు తిరిగాం. 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపిన రామరాజు సమాధి, పక్కనే గంటందొర సమాధి అక్కడున్నాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి పాడేరు ముఖ్యపట్టణంగా ఏర్పడ్డ జిల్లాకి కూడా ఆయన పేరే పెట్టారు. మేం వెళ్లేసరికి ఎవరూ లేరు. సైకిళ్లు గోడకి ఆన్చి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లాం. బయటికొచ్చేసరికి నా వెనక టైరులో గాలి లేదు. పంక్చరు షాపు ఎక్కడని అడిగితే ఒక కుర్రాడు చేయి చూపించి, "ఇలా అడ్డంగా ఎల్లిపోండి, రోడ్డంట ఎల్తే దూరం" అన్నాడు.